వేలి కొస ఎక్కని సంఖ్యలు

మా నాయనమ్మ అప్పడాలైనా, దేవుడి పేర్లయినా వేళ్ల మీదే లెక్కపెట్టేది. బొటనవేలిని చూపుడు వేలి అడుగు కణుపు మీద పెట్టి, వేలికి మూడు కణుపుల చొప్పున ఎక్కుతూ చిటికెన వేలి కొసకు చేరితే పన్నెండు, మళ్లీ మొదలు. లోకమంతా పదుల్లో బతుకుతుంటే టెక్కలిలో మా ఇల్లు పన్నెండ్లలో బతికింది. లెక్కల్లో ఎమ్మెస్సీ చదివాక నాకు అందులో ఒక విచిత్రం కనిపించింది. ప్రధాన సంఖ్యలు, అంటే ఒకటీ తామూ తప్ప మరెవరూ భాగించలేని ఆ మొండి ఘటాలు, మూడు దాటాక వేలి కొస మీద చచ్చినా ఆగవు. నాకు అంతకన్నా అందమైన సంగతి ఇప్పటికీ తెలియదు.

వజ్రపుకొత్తూరు వైపు ఒక ప్రైవేటు బడిలో డెమో క్లాసుకు పిలిస్తే అదే చెబుదామనుకున్నాను. నచ్చితే ఉద్యోగం. నచ్చకపోతే పలాసలో మా మావయ్య జీడిపప్పు దుకాణంలో కూర్చోవాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది. నాకు జీడిపప్పు తినడమే తప్ప అమ్మడం రాదు.

కరస్పాండెంటు గారు వెనక బెంచీలో కూర్చున్నారు. ఆ ఊరి మత్స్యకారుల ఇంట్లో పుట్టి, చదువుకుని, బడి పెట్టిన మనిషి. నేను ఉత్సాహంగా, "వేళ్ల మీద లెక్కపెట్టి, పదమూడు ఎక్కడ ఆగిందో చూపించండి" అన్నాను. నా బొటనవేలు రెండో చుట్టులో చూపుడు వేలి మీద ఉంది. క్లాసంతా చిటికెన వేలు పట్టుకుంది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అందరూ తప్పే!" అన్నాను.

"తప్పేటి మేడమ్? నానూ ఆడే ఉన్నాను" అన్నారు కరస్పాండెంటు గారు, తన చిటికెన వేలు చూపిస్తూ.

ముందు బెంచీ పిల్ల నా మీద జాలిపడింది. "మేడమ్, మీరు ఏలికి ఒకటి ఒగ్గేత్తన్నారు. మూడు గీతలు, పైన కొస. నాలుగు."

అప్పుడు అర్థమైంది. అక్కడ చేపలు పుంజీల్లో, అంటే నాలుగేసి చొప్పున లెక్కపెడతారు. వాళ్ల వేలికి నాలుగు, చేతికి పదహారు. నా పన్నెండ్ల చెయ్యి అక్కడ చెల్లదు. నా సిద్ధాంతం సముద్రంలో కలిసిందనుకున్నాను. తీరా చూస్తే పదిహేడు, పంతొమ్మిది, ఇరవై మూడు, ఏవీ వాళ్ల కొస మీదా ఆగలేదు. మా కొసల మీద మూడో ఎక్కం, వాళ్ల కొసల మీద నాలుగో ఎక్కం. రెండింటికీ ప్రధాన సంఖ్యలు లొంగవని క్లాసుకు చెప్పాను. నాకు గంతులేయాలనిపించింది.

నాకన్నా ముందు కరస్పాండెంటు గారు లేచారు. "నలభై తొమ్మిది సూడండి! మీ లెక్కలోనూ, మా లెక్కలోనూ సూపుడు ఏలి అడుగునే ఆగింది. రాసుకోండర్రా, అదీ ప్రధాన సంఖ్యే!"

పిల్లలు రాసుకోబోయారు. ఊఁ అంటే ఉద్యోగం, ఊహూఁ అంటే జీడిపప్పు.

"కాదు సార్" అన్నాను. "కొస ఎక్కనివన్నీ ప్రధాన సంఖ్యలు కావు. ఏడేడులు నలభై తొమ్మిది."

ఆయన తన వేలిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు.

"ఈ బడి ఎట్టినకాడ్నించీ నన్ను కాదన్నోలు ఎవులూ నేరు" అన్నారు. "రేపట్నించి వచ్చేయండి."

నేను దణ్ణం పెట్టేలోపే మళ్లీ వేళ్లు లెక్కపెట్టుకుంటూ, "అది సరే గానీ, యాభై మూడు?" అన్నారు.