ఎయిర్‌బ్యాగు మూత మీద దేవుడు

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలలో నన్ను నర్సీపట్నం వేశారు. హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి. జనం నోట్లో మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టరు. లైసెన్సు పరీక్షలు, ఫిట్‌నెస్‌లు, రోడ్డు మీద తనిఖీలు నా పని. ప్రమాదం జరిగితే పోలీసులు కాగితం రాసి పంపుతారు. బండి చూసి, యాంత్రిక లోపం ఉందో లేదో రిపోర్టివ్వాలి. ఆ పని ఎవరికీ ఇష్టముండదు. నాకూ ఉండేది కాదు.

చేరిన నెలలోనే గొలుగొండ రోడ్డులో ఒక కొత్త కారు ఆపాను. నడుపుతున్నది అప్పలనాయుడనే చెరకు రైతు. పక్కన భార్య రమణమ్మ. ఉపమాక వెంకన్న గుళ్ళో బండికి పూజ చేయించుకుని వస్తున్నారు. కాగితాలు సరిగ్గా ఉన్నాయి, ఇద్దరూ బెల్టు పెట్టుకున్నారు. అంత పద్ధతైన బండి నాకు వారానికొకటి దొరికితే గొప్ప. రమణమ్మ ఎదురుగా డాష్‌బోర్డు మీద జానెడు ఇత్తడి వెంకటేశ్వరస్వామి విగ్రహం, డబుల్ టేపుతో గట్టిగా అంటించి ఉంది. పీఠం పక్కన, బంతిపూల మధ్య, ఎయిర్‌బ్యాగు అన్న అక్షరాలు సగమే కనబడుతున్నాయి.

ఆ అక్షరాలున్న చోటు ఒక మూత. కింద మడతపెట్టిన సంచీ ఉంటుంది. కారు ముందుభాగం గట్టిగా గుద్దుకుంటే సెన్సారు కనిపెడుతుంది, లోపలి మందు అంటుకుని గ్యాసు పుడుతుంది, రెప్పపాటు కూడా పట్టకుండా సంచీ మూత చీల్చుకుని వస్తుంది. చిన్నా చితకా దెబ్బలకీ, వెనకనుంచి తగిలిన వాటికీ మామూలుగా తెరుచుకోదు. మనిషిని బెల్టు పట్టి ఉంచాలి, తలనీ ఛాతీనీ సంచీ ఆపాలి. మూత మీద ఏముంటే అది ఎదుటి మనిషి మొహం మీదికే వస్తుంది. ఇదంతా నాకు ట్రైనింగులో నేర్పారు. విగ్రహం వేరేచోట పెట్టుకోమని ఒక్క మాట అనాలి. అప్పుడే పూజ చేయించుకుని వస్తున్నవాళ్ళకి దేవుణ్ణి ఊడదీయమని ఎలా చెబుతాం అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది. పెద్దమనిషిలా స్వామికి దండం పెట్టుకుని పంపేశాను.

పది రోజులు తిరక్కుండా స్టేషన్ నుంచి కాగితం వచ్చింది. అడ్డొచ్చిన గేదెను తప్పించబోయి అప్పలనాయుడు కల్వర్టు గోడను గుద్దేశాడట. స్టేషన్ ఆవరణలో కారు చూడగానే గుర్తుపట్టాను. బ్రేకులు, స్టీరింగు, టైర్లు బాగున్నాయి. ముందు సంచీలు రెండూ తెరుచుకుని, గాలి దిగి వేలాడుతున్నాయి. పని అయ్యాక అవి అలా దిగిపోవాల్సిందే. లోపలంతా తెల్లటి పొడి. విగ్రహం వెనక సీటు కింద దొరికింది. అప్పలనాయుడికి మోచేయి గీరుకుపోయింది, అంతే. రమణమ్మకి ఎడమకన్ను పోయింది.

యాంత్రిక లోపం లేదని రాశాను. మూత మీద అంటించిన బరువైన వస్తువు వల్ల గాయమైందని రాశాను. నేను దండం పెట్టిన సంగతి రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. ఉన్నా రాసేవాణ్ణి కాదేమో.

కారు ఎప్పుడు వదులుతారో అడగడానికి ఇద్దరూ ఆఫీసుకొచ్చారు. సంచీ వల్లే కన్ను పోయిందని, కారు కంపెనీ మీద కేసు వేస్తానని అప్పలనాయుడు మండిపడుతున్నాడు. కంటికి కట్టుతో ఉన్న రమణమ్మ నన్ను గుర్తుపట్టింది.

"ఆ రోజు మీరూ దండమెట్టుకున్నారు కదండి బాబూ. ఆ సామే మా పేణాలు నిలబెట్టాడు. తోమి ఉంచానండి. బండి బాగయ్యాక మళ్ళీ అక్కడే ఎట్టుకుంతాం."

ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు. ఇద్దర్నీ కూర్చోబెట్టి అంతా చెప్పాను. సంచీ ఆమెను కాపాడడానికే వచ్చిందనీ, దాని దారిలో విగ్రహం ఉందనీ, మళ్ళీ అక్కడ పెట్టొద్దనీ చెప్పాను. అప్పలనాయుడు తల దించుకున్నాడు. టేపు వేసి అంటించింది అతనే.

"ఇదంతా ఆ రోజే మీకు తెలుసేటండి?" అంది రమణమ్మ.

తెలుసన్నాను.

"మరప్పుడెందుకు సెప్పనేదండి?"

సిగ్గుతో చచ్చినంత పనై ఫైలు వంక చూస్తూ కూర్చున్నాను. ఆమె లేచి, గుమ్మం చేత్తో తడుముకుని బయటికి వెళ్ళింది.

మిగిలిన సర్వీసులో ఆపిన ప్రతి కారులోనూ ముందు ఆ మూతే చూశాను. దాని మీద ఏముంటే అది తీయించాను. నాస్తికుడన్నారు, తిట్టారు, పైవాళ్ళకి పిటిషన్లు పెట్టారు. చూసినది నోటితో చెప్పేదాకా తనిఖీ పూర్తయినట్టు కాదు. ఆ రోజు గొలుగొండ రోడ్డులో నేను సగం తనిఖీ చేసి జీపెక్కాను.