మైకులో చెప్పించిన తప్పు

మా షాపులో తప్పు చేసినవాళ్ల చేతికి మైకు ఇస్తారు. కామారెడ్డిలో మూడంతస్తుల బట్టల షాపు మాది. ఆ మైకు అసలు ఉన్నది ఆఫర్లు చెప్పడానికి. మా మేనేజరు వచ్చాక దానికి ఇంకో పని దొరికింది. ఎవరైనా పొరపాటు చేస్తే, చేసిన కౌంటరు దగ్గరే నిలబెట్టి, వాళ్ల తప్పును వాళ్ల నోటితోనే మైకులో చెప్పిస్తాడు. మూడంతస్తుల్లోనూ వినబడుతుంది. కొనడానికి వచ్చినవాళ్లు చీర చేతిలో పట్టుకుని తలెత్తి వింటారు. "తప్పు ఏడ జరిగిందో ఆడనే చెప్పాలె. అప్పుడే యాదికుంటది" అంటాడు ఆయన. కేకలు వేసే మనిషి కాదు. కేకలు వేసేవాడైతే నయం, అరిచి ఊరుకునేవాడు.

నాకు ముందు షర్టు గుడ్డలు చింపే అన్న ఒకాయనకు మైకు దొరికింది. కొలతలో జానెడు తక్కువ చింపాడు. చాలా ఏళ్లుగా అదే పనిలో ఉన్న మనిషి. మైకులో తన పేరు, తన తప్పు చెప్పి, మధ్యాహ్నం అన్నానికని కిందికి దిగి, మళ్లీ రాలేదు. టిఫిన్ డబ్బా కూడా తీసుకుపోలేదు. కొన్నాళ్లు అది నీళ్ల కుండ పక్కనే ఉంది. తర్వాత ఎవరు తీశారో తెలియదు.

మా ఇల్లు ఎల్లారెడ్డిలో. ఈ పనికి రాకముందు ఇంట్లో బీడీలు చేసేదాన్ని. ఒళ్లో చేట, చేతిలో కత్తెర, ఎన్నిసార్లు ఉతికినా చీరకు పోని తంబాకు వాసన. నా బిడ్డ చిన్నప్పుడు, మీ అమ్మ ఏం చేస్తుందని బడిలో అడిగితే "ఇంట్లనే ఉంటది" అని చెప్పేదట. నేను షాపులో చేరాక ఆ మాట మారింది. ఇప్పుడు తను కామారెడ్డిలోనే డిగ్రీ చదువుతోంది. సాయంత్రం కాలేజీ అయ్యాక స్నేహితురాళ్లను వెంటబెట్టుకుని నా కౌంటరు దగ్గరికి వచ్చేది. "ఏ రంగు ఎవలకు నప్పుతదో మా అమ్మ ఒక్క చూపుల చెప్తది" అని వాళ్ల ముందు గొప్పలు పోయేది. దూరపు ఊళ్ల ఆడవాళ్లను షాపువాళ్లు కొంచెం ముందుగా వదిలిపెడతారు కనుక ఇద్దరం కలిసి ఎల్లారెడ్డి బస్సు ఎక్కేవాళ్లం. ఈ ఉద్యోగంలో నేను సంపాదించుకున్నది ఏదైనా ఉంటే అది నా బిడ్డ కళ్లలోని ఆ గౌరవమే. మిగిలినదంతా కాళ్ల నొప్పులు.

నా కౌంటరు పెట్టుబడి చీరలది. అంటే చుట్టాలకు పెట్టడానికి కట్టలుగా తీసుకునే చీరలు. పెండ్లివాళ్లు వాటితోపాటు ధోతులు, తువ్వాళ్లు కూడా తీస్తారు. అన్నీ సంచిలో సర్దాక, సంచికి పసుపు కుంకుమ పెట్టి, వచ్చిన ఆడవాళ్ల నొసట బొట్టు పెట్టి, ఒక మంచి మాట చెప్పి పంపాలి. రోజంతా చీరలు విప్పి మడిచిన చేతులకు ఆ ఒక్క పని హాయిగా ఉండేది.

అది పెండ్లిళ్ల కాలం. షాపులో కాలు పెట్టే సందు లేదు. పిట్లం దిక్కు నుంచి ఒక కుటుంబం వచ్చింది. ఒక ముసలామె, ఆమె కొడుకు, కోడలు. చీరలు తీశారు, ధోతులు తీశారు, తువ్వాళ్లు తీశారు. పెద్దగా బేరమాడలేదు, పెద్దగా మాట్లాడలేదు. బస్సులు మారి వచ్చారు కదా, అలిసిపోయారనుకున్నాను. ముసలామె ఒక చీర అంచు పట్టుకుని చాలాసేపు చూసి "ఇది మా బిడ్డకు" అంది. పెండ్లి మనవరాలిది కాబోలు, ఈ చీర పెండ్లిపిల్ల తల్లికి కాబోలు అని నేనే అల్లుకున్నాను. ఆ నెలలో నా దగ్గరికి వచ్చినవాళ్లందరూ పెండ్లివాళ్లే. అడగాలని తట్టనే లేదు.

సంచికి బొట్లు పెట్టాను. ముసలామె మెడలో పుస్తెలు చూసి ఆమె నొసట కుంకుమ పెట్టాను. "పెండ్లి మంచిగ జరగాలె అవ్వ" అన్నాను. ఆమె మొహం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. కోడలు అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొడుకు మెల్లగా అన్నాడు. "పెండ్లి కాదక్క. మా బావ పోయిండు. దినాలకు తీస్కపోతున్నం."

అల్లుడు చచ్చిపోయిన తల్లికి, బొట్టు తీయబోతున్న బిడ్డకు చీర కొంటున్న తల్లికి, నేను బొట్టు పెట్టి పెండ్లి దీవెన ఇచ్చాను. ఆమె రెండు చేతులూ పట్టుకున్నాను. ఆమే కొంగుతో నొసలు తుడుచుకుని "నీకేం ఎరుక బిడ్డ. ఊకో" అంది. నేను తడిగుడ్డ తెచ్చి సంచి మీది బొట్లు తుడిచాను. ఆ తప్పు అక్కడితో అయిపోయింది. ఎవరికి జరిగిందో వాళ్లే దాన్ని తీసి పక్కన పెట్టారు.

కానీ మేనేజరు చూశాడు. మైకు పట్టుకుని వచ్చాడు. "ఏమైందో చెప్పమ్మ" అన్నాడు, ఎంతో మర్యాదగా. కొడుకు అడ్డం వచ్చాడు. "మేమేం అనలే సార్. ఆమెను ఇడ్శిపెట్టుండ్రి." దానికి మేనేజరు "మీ గౌరవం కోసమే సార్" అని మైకు నా చేతిలో పెట్టాడు.

చెప్పాను. నా పేరు చెప్పాను, నా కౌంటరు చెప్పాను. "దినాల బట్టలకు పెండ్లి బొట్టు పెట్టిన. తప్పయింది" అన్నాను. "గట్టిగ" అన్నాడు. మళ్లీ చెప్పాను. నా గొంతు పై అంతస్తు నుంచి, కింది అంతస్తు నుంచి నాకే తిరిగి వినబడింది. పక్క కౌంటరులో పట్టుచీరలు చూస్తున్న పెండ్లివాళ్లు ఆ మాట వినగానే తమ చీరలను చటుక్కున అవతలికి లాక్కున్నారు, ఆ సంచి తగలకుండా. ముసలామె అది చూసింది. సంచిని పొట్టకు హత్తుకుని, మెట్ల దిక్కు తలొంచుకుని నడిచింది. షాపులో ఎవరికీ తెలియని వాళ్లింటి చావును ఆ మైకు మూడంతస్తులకూ చెప్పింది. తప్పు నాదే, కాదనను. కానీ ఆ రోజు ఆ తల్లిని ఎక్కువ ఏడిపించింది నేను కాదు. ఈ మాట ఆయన మొహం మీద అనలేకపోయాను.

ఆమెకు దారి ఇస్తూ మెట్ల మీద ఒక పక్కకు ఒదిగి నిలబడ్డవాళ్లలో నా బిడ్డ ఉంది. వెనక ఇద్దరు స్నేహితురాళ్లు. ఎప్పుడు వచ్చారో తెలియదు. మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. నా బిడ్డ నన్ను చూసింది, నేను తనను చూశాను. స్నేహితురాళ్లతో ఏదో చెప్పి కిందికి దిగిపోయింది.

బస్టాండులో బస్సెక్కి నాకోసం సీటు ఆపి కూర్చుంది. టికెట్ తీసుకున్నాను, పక్కన కూర్చున్నాను. బస్సు లింగంపేట దాటింది. అడిగితే ఏం చెప్పాలో మనసులో సర్దుకుంటున్నాను. తెలియక జరిగిందని, ఆ అవ్వ ఏమీ అనలేదని, షాపులో అందరికీ ఏదో ఒకనాడు ఇది తప్పదని. నా బిడ్డ వాటిలో ఏదీ అడగలేదు.

"అమ్మా, నువ్వెందుకు నవ్వినవ్?" అంది.

"నేనెప్పుడు నవ్విన?"

"మైకుల తప్పయింది అనుకుంట నవ్వినవ్. నేను జూసిన."

నాకు తెలియదు. నిజంగా తెలియదు. చెంపలు తడుముకున్నాను, ఏమైనా మిగిలి ఉందేమోనన్నట్టు. చేరిన కొత్తలో మాకు నేర్పిన మొదటి పాఠం అదే, గిరాకీ ముందు మొహం నవ్వుతూ ఉండాలని. కాళ్లు లాగుతున్నా నవ్వాలి, చీరలన్నీ విప్పించి ఏదీ కొనకుండా పోయినా నవ్వాలి. అది నా మొహానికి ఎంత అలవాటయిందంటే, పరువు పోతున్నప్పుడు కూడా అది దాని పని అది చేసుకుపోయింది.

"షాపుల గట్లనే ఉండాలె బిడ్డ. అలవాటయిపోయింది" అన్నాను.

తను కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత, కోపంగా కాదు, అడగాలా వద్దా అన్నట్టుగా అడిగింది.

"ఇంట్ల మాతోని గూడ గట్లనే నవ్వుతవా?"

"లేదే" అన్నాను. వెంటనే అన్నాను. ఆ అనడంలో కూడా నవ్వాననుకుంటా, తను మొహం తిప్పుకుంది.

నేను ఇంకా ఆ షాపులోనే చేస్తున్నాను. నా బిడ్డ ఇప్పుడు లోపలికి రాదు, బస్టాండులోనే ఉంటుంది. ఇంట్లో ఎప్పటిలాగే ఉంటాం, కలిసి తింటాం, ఏదో ఒకటి మాట్లాడుకుంటాం. నేను ఏ మాటకైనా నవ్వితే మాత్రం, తను మాట ఆపి నా మొహం వంక చూస్తుంది, ఇది ఏ నవ్వో తేల్చుకోవడానికి. నేనే ముందు చూపు దించుకుంటాను.