బాలనర్సమ్మ చెప్పిన నిజం

బాలనర్సమ్మ నాచారం ఫ్యాక్టరీలో పని మానేసి, ఒక విదేశీ సంస్థ సాయంగా ఇచ్చిన ఎలక్ట్రిక్ ఆటో నడుపుతూ రెండేళ్లయింది. ఆ సాయం ఎంతవరకు పనికొచ్చిందో చూడటానికి సంస్థ తరఫున ప్రవీణ అనే అధికారిణి వస్తోందని తెలిసి, ఆటోలు పంచిన సంఘం నాయకుడు దయాకర్ పొద్దున్నే వచ్చాడు.

"అంతా మంచిగుందని చెప్పక్కా. లేకుంటే బండి వాపస్ తీస్కుంటరు."

ఆ భయంతోనే ఆమె దయాకర్‌నూ ప్రవీణనూ ఉప్పల్‌లో ఎక్కించుకుంది. "బండి ఎట్లుందమ్మా?" అని ప్రవీణ అడిగింది. అద్దంలో దయాకర్ తననే చూస్తున్నాడు. బాలనర్సమ్మ ఆటో పక్కకు ఆపింది.

"పోయిన నెల నొప్పులొస్తున్న ఆమెను దవాఖానాకు తీస్కపోతుంటే నడిమిట్లనే ఆగింది మేడం. ఆమెను వేరే ఆటోల ఎక్కించిన. బండి మంచిదే, బాగుజేసెటోళ్లే ఈడ లేరు."

దయాకర్ ముఖం తిప్పుకున్నాడు. ప్రవీణ మాత్రం, "ఇంకెవరికి ఇట్లయింది? వాళ్ల దగ్గరికి తీస్కపో," అంది.

ఆరు నెలలకు ఆ సంస్థ కొత్త ఆటోలు పంపడం ఆపి, నాచారంలో రిపేరు షెడ్డు పెట్టించింది. బాలనర్సమ్మ బండిని ఎవరూ తీసుకోలేదు. పంచడానికి కొత్త ఆటోలు రాకపోవడంతో దయాకర్ ఆమెతో మాట్లాడటం మానేశాడు.