కప్తాన్ ఈరన్న దీపం వేళ

ఇడపనూరులో కప్తాన్ ఈరన్న ఎదురొస్తే బర్రెలు కూడా పక్కకు జరిగేవంటారు. అది కొంచెం ఎక్కువ చేసి చెప్పే మాటే. కానీ పొద్దుగూకే వేళ ఆంజనేయుడి గుడి ముందు బీడీలు కాల్చేవాళ్లు మాత్రం నిజంగానే లేచి నిలబడేవారు. సిపాయిగా చేరి, కొండల్లో, మంచులో ముప్పై ఏళ్లు చేసి, ఆఫీసరు హోదాతో ఇంటికొచ్చిన మనిషి మరి. పటాలంలో సాయంత్రం బ్యూగిల్ ఊది జెండా దించుతారట. అప్పుడు ఎక్కడివాళ్లక్కడ కదలకుండా నిలబడాలట. ఊళ్లో బ్యూగిల్ ఎక్కడిది? అందుకని ఆయన దీపం పెట్టి గంట కొట్టేవాడు. ఆ తర్వాత దేవుడికి దండం కాదు, సెల్యూట్! పొద్దుటి పూజకు మాత్రమే వచ్చే పూజారి ఇది విని ముక్కున వేలేసుకున్నాడు. కానీ శనివారం ఒక్కపొద్దు ఏనాడూ తప్పని భక్తుణ్ణి ఏమనగలడు?

ఆ భక్తే ఆయన ఒక్కగానొక్క కూతురు సుమంగళకు గిట్టేది కాదు.

ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు, సెలవు ముగిసి రైలెక్కబోతూ ఈరన్న ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, "బిడ్డా, రోజూ మాపటికి గుళ్ల దీపం నువ్వే పెట్టాలె. నువ్వు పెడితేనే నేనాడ ముద్ద ముడతా," అన్నాడు. ఇంకేముంది, పసిదాని మెడకు గుదిబండ పడ్డది. వానొచ్చినా, జ్వరమొచ్చినా, తోటిపిల్లలు ఆటలో ఉన్నా నూనెగిన్నె పట్టుకుని పరుగే. తను పోకపోతే నాయిన ఆకలితో పడుకుంటాడని భయం. తల్లి చెన్నవ్వ, "నేను పెట్టొస్తలే, పండుకో," అన్నా వినేది కాదు.

ఏడాదికో రెండేళ్లకో ఆయన వచ్చేవాడు. ట్రంకుపెట్టె గడపలో దించకముందే మొదటి మాట, "దీపం పెడుతున్నవా?" చదువెట్లుంది, ఒంట్లో ఎట్లుంది అంటాడా? ఊహూఁ. వయసొచ్చిన సుమంగళకు ఒకనాడు ఒళ్లు మండిపోయింది.

"నీకు బిడ్డ గావాల్నా, గుడికి మనిషి గావాల్నా? ఇగ నాతోని గాదు!" అని నూనెగిన్నె ఆయన కాళ్ల ముందే విసిరికొట్టింది.

అంత పెద్ద మీసాలాయన కిందికి వంగాడు. ఒలికిన నూనె తుడిచి, తనే వెళ్లి దీపం పెట్టి వచ్చాడు. ఆయన పటాలానికి పోతే చెన్నవ్వ పెట్టేది. రిటైరై వచ్చాక, చెన్నవ్వ పోయాక కూడా, ఆయనే పెట్టాడు. తండ్రీకూతుళ్ల మధ్య మాత్రం ఆనాటి నుంచి పొడిపొడి మాటలే. సుమంగళ పెళ్లయి సిరవార వెళ్లాక అవి కూడా తగ్గాయి.

ఇప్పుడు ఆయన లేడు. పదకొండో రోజు భోజనాల బంతి లేచాక ఊరి పెద్దలు సుమంగళ దగ్గరికి వచ్చారు. "ఆయన పోయిన కాడి నుంచి గుడి చీకటైంది. ఇయ్యాల ఒక్కనాడన్న నీ చేత్తోని దీపం పెట్టి పో, తల్లీ."

"నన్నడగొద్దు," అనేసింది.

అనడమైతే అంది గానీ, లోపల ఏదో ఒకటే తొలిచేస్తోంది. ఇన్ని రోజులైనా కంట తడి లేదు. తండ్రి పోతే ఏడవలేని కూతురా తను? అసలు ఆ మనిషికి తనేమవుతుందో తేలకుండానే మట్టిలో కలిసిపోయాడే!

పటాలంలో ఈరన్నతో ఒకే గుడారంలో ఏళ్లు గడిపిన కిష్టయ్య గద్వాల దిక్కు నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆ మాటలు విని, "దీపం పెట్టే బిడ్డవు నువ్వేనా?" అన్నాడు.

"నేనే. నేను పెడితేనే ముద్ద ముట్టేటోడా, నిజంగ?"

కిష్టయ్య నవ్వేశాడు. "యాడిదమ్మా! పటాలంల పెట్టినప్పుడే తినాలె. బిడ్డకు గట్ల అబద్ధం చెప్తవేంది సాబ్ అని నేను గూడ అడిగిన."

సుమంగళ మండిపడింది. అంటే అన్నేళ్లూ ఉత్తినే పరుగెత్తించాడా!

"గప్పుడేమన్నడో ఎరుకనా?" కిష్టయ్య గొంతు తగ్గింది. "'దినమంత నా బిడ్డ యాడుందో, ఏం జేస్తుందో నాకేం తెల్వదు కిష్టయ్యా. గా ఒక్క గడియ తెలుస్తది. ఆంజనేయుని ముందర ఉంటది. గప్పుడు నేను గూడ పోయి ఆమె పక్కన నిలవడత' అన్నడు. తూర్పు సరిహద్దుల జల్ది చీకటి పడుతుండె. మేమంత తిని పండుకుంటె ఆయన బయట చలిల నిలవడి, 'మా ఊర్ల ఇంక పొద్దుంది, నా బిడ్డ ఇప్పుడే బయల్దేరుతది' అంటుండె. జరసేపయినంక, 'పెట్టింది' అని లోపటికొస్తుండె."

"మరి నాకెందుకు చెప్పలే?" అంది సుమంగళ.

"మీసాలు అడ్డమొచ్చినయేమో, తల్లీ."

పొద్దు వాలుతోంది. సుమంగళ లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా వంటింట్లోంచి నూనెగిన్నె తెచ్చుకుని గుడికి నడిచింది. వత్తి వేసింది, వెలిగించింది, గంట కొట్టింది. బయట బీడీలు ఆర్పేసి అందరూ లేచారు. సుమంగళ తన పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి నిలబడింది.

"నాయినా, నేనీడనే ఉన్న," అంది. అంతే, అన్నేళ్ల ఏడుపూ అప్పుడు కట్ట తెంచుకుంది.