చిన్న పొయ్యి, పెద్ద గంజు

ఏటూరునాగారం దాటాక అడవి అంచున ఒక బడి ఉంది. లారీ మమ్మల్ని అక్కడ దించేసరికి కుండపోత వాన. బడి వరండా ఒక్కటే పొడిగా ఉంది. సామాను అక్కడే పెట్టాం. రబ్బరు పడవ, తాళ్లు, లైఫ్ జాకెట్లు, తార్పాలిన్లు, వైర్‌లెస్ సెట్టు. నా సామాను వేరే. బియ్యం, ఉప్పు, పొయ్యిలు, గిన్నెలు. వరద రక్షణ బృందంలో నేను వంటమనిషిని. మా ఆయన ఇదే బృందంలో లారీ నడిపేవాడు. ఆయన పోయాక ఈ కొలువు నాకిచ్చారు. ఖాకీ చొక్కా నాకూ ఉండేది. నాకు సంతకం తప్ప రాత పెద్దగా రాదు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది.

మా బృందానికి ఒక పద్ధతి ఉండేది. ఒక్క గంజులో, అంటే ఒక్క పెద్ద గిన్నెలో వంట, ఒక్క పంక్తిలో భోజనం. బృందాన్ని నడిపే సారు నుంచి లారీ క్లీనరు దాకా అందరూ ఒకేసారి కూర్చోవాలి. మా ఆయన పోయాక పెళ్లిళ్లలో, పేరంటాల్లో నన్ను వెనక్కి జరగమన్నవాళ్లే అందరూ. ఈ పంక్తిలో మాత్రం ఎవరూ జరగమనలేదు. అందుకే ఆ అల్యూమినియం గంజంటే నాకు ప్రాణం.

తెల్లవారగానే ఆర్డరు వచ్చింది. వాగు అవతల గూడెం మునుగుతోంది. జనాన్ని పక్కనున్న గుట్ట మీదికి చేర్చాలి. రాత్రికి అక్కడే ఉండవలసి రావచ్చు. పడవలో చోటు తక్కువ.

వంట సామాను వరండాలో పరిచాను. చిన్న సిలిండరు, దాని నెత్తిన బర్నరు. మంట గట్టిదే, కానీ గుట్ట ఎక్కించలేం. కట్టెలు పెట్టే ఇనుప పొయ్యి ఉంది, అడవి మొత్తంలో పొడి కట్టె లేదు. ఇంకోటి అరచేతంత పొయ్యి. డబ్బా గ్యాసుతో వెలుగుతుంది, సంచిలో పడుతుంది. డబ్బాలు రెండే ఉన్నాయి. దాన్నే పక్కన పెట్టాను. దానికి తగ్గట్టు రెండు చిన్న తపేలాలు పెట్టాను.

పడవ నడిపే కుర్రాణ్ని తమ్మీ అంటాను. అతను చూసి నవ్వాడు. "గీ తపేలల ఎవలకు వండుతవక్కా? పిల్లికా?"

"గంజు ఈ పొయ్యి మీద ఆగదు, మంట చాలదు తమ్మీ."

"ఆగకుంటే నేను పట్టుకొని నిలబడ్త తియ్."

వైర్‌లెస్ చూసుకునే మనిషి మా ఆయనకు దోస్తు. నన్ను వదినె అనేవాడు, నేను మరిదీ అనేదాన్ని. సెట్టుకు ప్లాస్టిక్ కవరు తొడుగుతూ అన్నాడు: "రెండుమార్లు వండితే రెండు పంక్తులయితయి వదినె. అన్న ఉంటే ఒప్పుకునేటోడా?"

తపేలాలు పక్కకు నెట్టాను. సారు కూడా తలూపారు. చిన్న పొయ్యితోపాటు గంజే పడవెక్కింది.

జనాన్ని దాటించాం. ఆఖరి ట్రిప్పులో ఒక ముసలమ్మ పట్టు తప్పి వాగులో పడింది. మరిది సెట్టు సారు చేతికిచ్చి దూకాడు. ముసలమ్మను పడవ దాకా నెట్టాడు. తాను మాత్రం కొట్టుకుపోయి, ఒక కొమ్మ పట్టుకుని చాలాసేపు నీళ్లలోనే వేలాడాడు. తాడు వేసి లాగేసరికి పెదవులు నల్లబడ్డాయి. గుట్టకు చేరాక పడవ ఇంజను నీళ్లు తాగి ఆగిపోయింది. ఒక తార్పాలిన్ కింద మేమూ, గూడెం వాళ్లూ. ఒక్క పొడి బట్ట లేదు.

మరిది వణుకుతూనే సెట్టు అడిగి తీసుకున్నాడు. "బేస్, బేస్, గుట్ట నుంచి. పడవ ఖరాబయింది. ఇంకోటి పంపుండ్రి. ఓవర్."

"గుట్ట, బేస్ నుంచి. వాగు మస్తు జోరు మీదున్నది. జర తగ్గంగనే పంపుతం. ఓవర్."

సారు నా వైపు తిరిగారు. "అక్కా, జల్ది గంజి కాయి. వీనికి కడుపుల వేడి పడాలె. పిల్లలు గూడ సల్లబడ్డరు."

గంజులో నీళ్లు పోశాను, బియ్యం పోశాను. గంజు అడుగు తట్టంత, మంట రూపాయి బిళ్లంత. గాలికి ఆ మంట ఒక పక్కకు ఒరుగుతోంది. సారు, పడవ తమ్ముడు జాకెట్లు విప్పి అడ్డం పట్టారు. మూత పెట్టాను. తార్పాలిన్ చిల్లులోంచి ఒక చుక్క మూత మీద పడింది.

"గా చుక్క ఆరితే బువ్వయినట్టే," అన్నాడు మరిది.

మొదటి డబ్బా అయిపోయింది. రెండోది తగిలించాను. కాసేపటికి ఆ డబ్బా చేతికి మంచుగడ్డలా తగిలింది. లోపల గ్యాసు కదులుతోంది, మంట మాత్రం సన్నబడిపోతోంది.

"ఆరిందా వదినె?"

"ఆరుతాంది మరిదీ."

"అబద్ధమాడితే అన్నకు చెప్త, ఏమనుకున్నవో." నవ్వబోయాడు. పళ్లు టకటక కొట్టుకున్నాయి.

మంట పోయింది. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. బియ్యం బియ్యంలాగే ఉన్నాయి. స్టీలు గ్లాసుతో ముంచి తాగించాను. "మంచిగున్నది," అన్నాడు. కొంచెంసేపటికి వణుకు ఆగింది. "సారూ, వణుకుడు తగ్గింది!" అని అరిచాను. సారు ఆకాశానికి దండం పెట్టారు. ఒంట్లో సత్తువ పూర్తిగా అయిపోతేనే అట్లా వణుకు ఆగుతుందని తర్వాత డాక్టరు చెప్పాడు. అప్పుడు మాకేం తెలుసు? సంతోషపడ్డాం.

సెట్టు పలికింది. "గుట్ట, పడవ బయలెల్లింది. ఓవర్." మరిది ఎప్పుడూ మొదటి పిలుపుకే జవాబిచ్చేవాడు. సెట్టు మళ్లీ పిలిచింది. మళ్లీ పిలిచింది. సారు వంగి మరిది చేతిలోంచి సెట్టు తీసుకున్నారు. ముందు మరిది కళ్లు మూశారు.

తిరుగు పడవలో గ్లాసు ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ చిన్న మంట మీద సరిగ్గా కూర్చునే గ్లాసు. ఒక్కో గ్లాసు నీళ్లు కాచి ఉంటే అతనికి అందేవి, పిల్లలకూ అందేవి. మాలో ఒక్కరికీ తోచలేదు. ఒకరికి ముందు, ఒకరికి వెనక అనే ఆలోచన మా బృందంలోనే లేదు.

వరంగల్‌లో అతని భార్య నన్నొక్కటే అడిగింది. "ఆఖర్ల ఏమన్న తిన్నడా అక్కా?"

"తిన్నడు," అన్నాను.

కొలువు వదిలేశాను. ఇప్పుడు బజారులో గిన్నెల దుకాణంలో పని చేస్తున్నాను. గుట్టలెక్కడానికి పోయేవాళ్లు, వరదొస్తే ఇంట్లో ఉండాలని కొనేవాళ్లు చిన్న పొయ్యిలు అడుగుతారు. మంటను మించిన గిన్నె కొనొద్దంటాను. గాలికి అడ్డం రేకు తీసుకోమంటాను. డబ్బా చల్లబడితే మంట రాదు, వెలిగించేముందు ఒంటికి ఆనించి పెట్టుకోమంటాను. ముందు ఒక్క గ్లాసు నీళ్లు కాచి, తడిసినవాడికివ్వమంటాను. వింటారు. విని, "మేము శానమందిమి ఉన్నం గని, పెద్దది సూపియ్యమ్మా," అంటారు. చూపిస్తాను. చెప్పి ఎవరిని తిరిగి తెచ్చుకోగలను?

ఇంట్లో అన్నానికి మూత పెట్టను. ఆవిరంతా పోతుంది, పోనీ. మూత పెడితే దాని మీద గుండ్రంగా ఆ చుక్క కనిపిస్తుంది. దాని చుట్టూ అంతమందిమి కూర్చుని చూస్తుంటాం. అది ఆరదు.