కొబ్బరికాయ కొట్టించిన హెల్మెట్

తల కాపాడుకోవడానికి కూడా కొంచెం తల ఉండాలి. నాకది లేదని తేలడానికి మా బామ్మర్ది తల పగలాల్సి వచ్చింది.

జగిత్యాల నుంచి బండి మీద కోరుట్ల వస్తుంటే ముందు పోతున్న వడ్ల ట్రాక్టర్ ఉన్నట్టుండి ఆగింది. ట్రాలీ ఇనుప అంచుకు నా తల గుద్దుకున్న చప్పుడు ఇంకా నా దవడల్లో ఉంది. మోచెయ్యి వేరే దిక్కుకు తిరిగింది. మోకాలి చర్మం చీలి తెల్లటి ఎముక కనిపించింది. తలకు మాత్రం ఏమీ కాలేదు. హెల్మెట్ మీద ఒక గీత, అంతే.

కొత్తది కొనాల్సింది పోయి, దాన్నే కొండగట్టు గుడికి తీసుకుపోయాను. బండ్లకు పూజ చేయించే వరుసలో బండి లేకుండా హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాను. పసుపు, కుంకుమ, దారానికి నిమ్మకాయ. కొబ్బరికాయ కూడా కొట్టించాను. లోపలి థర్మాకోల్ ఒక్క దెబ్బనే మింగగలదని, అది నలిగాక మిగిలేది వట్టి డిప్పేనని నా తలకెక్కలేదు.

సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే బామ్మర్ది మా ఇంటికొచ్చి తిరిగి పోతుంటే, నేనే దాన్ని వాడి నెత్తికి తగిలించాను.

"వద్దు బావా, లోపట ఏందో గలగలమంటాంది."

"దేవుని గంట అనుకో. పెట్టుకో!"

సిరిసిల్ల దగ్గర కుక్క బండికి అడ్డమొచ్చింది. వాడు ఎగిరి కల్వర్టు గోడకు తలతో గుద్దుకున్నాడు. దవాఖానకు మేం చేరేసరికి వాడి చెవిలోంచి నెత్తురు కారుతోంది. నా భార్య అందరి ముందు నా చెంప పగలగొట్టింది.

"కొట్టిచ్చినవ్ గదా కొబ్బరికాయ! గిప్పుడు నా తమ్ముని తలకాయ. సంబురమైందా?"

వాడు బతుకుతాడో లేదో డాక్టర్లూ చెప్పలేదు. కొన్ని రోజులకు కళ్ళు తెరిచి నన్నే చూశాడు.

"బావా, నీ గంట ఇంకా మోగుతాంది."

నెత్తురు కారిన చెవికి ఇప్పటికీ ఏమీ వినపడదు.

వాడు ఇంటికి చేరాక, దవాఖాన నుంచి తెచ్చి మా వాకిట్లో పడేసిన ఆ హెల్మెట్‌ను పక్కింటి పెద్దమనిషి చూసి చేతిలోకి తీసుకున్నాడు. "రెండు తలలు బతికిచ్చింది గదా! మా అల్లునికి ఇయ్యరాదు తమ్మీ."

దాన్ని ఆయన చేతిలోంచి గుంజుకుని, మొదట దాని పట్టీ కోశాను. గడప ముందు బోర్లించి సుత్తితో కొట్టాను. నిమ్మకాయ దారం తెగిపడింది. ఇంకా కొట్టాను. డిప్ప పగిలి, లోపలి తెల్లపొడి కొబ్బరికోరులా రాలింది. పెద్దమనిషి వంగి ఒక చిప్ప ఏరుకోబోయాడు.

దాన్నీ పగలగొట్టాను.