నిదానం సారూ, పదకొండో గుమ్మమూ

మా రెండో అల్లుడి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. తన గురించి అతను చెప్పుకోడు, మా అమ్మాయి చెబితే ఎవరూ నమ్మరు, నేను చెబితే నమ్మక తప్పదు. ఊరిబడిలో అయిదో తరగతిదాకా చదివినవాణ్ణి. ఇరవయ్యో ఎక్కం కిందనుంచి పైకి అప్పజెప్పినవాణ్ణి. తాపీ మేస్త్రీగా నేను లేపిన గోడల్లో ఒక్కటీ ఈనాటిదాకా బీట తియ్యలేదు. వీధి సంఘానికి మూడుసార్లు అధ్యక్షుణ్ణి. మూడోసారి నామీద పోటీకి మనిషే దొరకలేదు.

అల్లుణ్ణి కాలేజీలో పిల్లలు నిదానం సార్ అంటారు. పిలుపుకే సారు, ఉద్యోగానికి కంప్యూటర్ ల్యాబులో అటెండరు. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనత్త పెంచింది. ఆవిడ నోటికి జడిసి మాటలు తగ్గించుకుని, పాడైన రేడియోలతో కాలక్షేపం చేశాడట. రేడియోలయ్యాక టీవీలు. ఆ సంపాదనతోనే ఒక డిగ్రీ, దానిమీద ఇంకో డిగ్రీ, అన్నీ ఇంట్లో కూర్చునే కట్టి పాసయ్యాడు. మా ఇంటికి టీవీ బాగుచెయ్యడానికి వచ్చి మా అమ్మాయిని చేసుకున్నాడు. టీవీ మాత్రం ఇప్పటికీ సరిగ్గా రాదు.

అతనికున్న జబ్బు ఒకటే. పెద్దవాళ్ళేం చెప్పినా "అలాగేనండి" అంటాడు. మా ఆవిడ అనేది, "మిట్టమధ్యాహ్నం మీరు రాత్రయిందంటే చాలు, లేచెళ్ళి దీపం వేసొస్తాడు" అని. పెద్దలంటే గౌరవం ఉన్నవాడని నేను మురిసిపోయేవాణ్ణి.

ఇలా ఉండగా కాలేజీలో లెక్చరర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. చదువుంది కాబట్టి అతనికీ అవకాశమిచ్చారు. బయటినుంచి వచ్చే పరీక్షాధికారి ఎదుట, పిల్లల ముందు నిలబడి ఒక పాఠం చెప్పాలి. సి అనే కంప్యూటర్ భాషలో అర్రేలూ పాయింటర్లూ. కుదిరిందా, నిజంగానే సారు. కుదరలేదా, మళ్ళీ కీబోర్డులు దులుపుకోవడమే. పై ఏడాదికి వయసు దాటిపోతుంది.

ముందురోజు సాయంత్రం అతన్ని మా ఇంటికి పిలిపించాను. "అర్రే అంటే ఏమిటయ్యా?" అన్నాను.

"ఒకే కొలత గదులు, వరసగా, మధ్యలో సందు లేకుండా, మావయ్యా."

"నేను కట్టిన వాటాల్లాగా."

"అలాగేనండి."

నా స్థలంలో నూలు పట్టి, రసమట్టం పెట్టి, నా చేతులతో కట్టిన వాటాలు పది. మొదటిదాంట్లో మేముంటాం, తక్కినవి అద్దెకిచ్చాం. వాటిని ఆనుకునే ఉన్న పక్కవాళ్ళ కట్టడం కూడా నా పనే. అవే గోడలు, అవే ఆకుపచ్చ తలుపులు. దాంట్లో మొదటి వాటాని కాలేజీకి వచ్చిపోయేవాళ్ళకి అద్దెకిస్తుంటారు.

"మరి పాయింటరంటే?"

"అది గది కాదండి. గది ఎక్కడుందో చెప్పే అడ్రసు. దాన్ని పట్టుకుని వెళ్తే అక్కడున్నది చేతికొస్తుంది."

"రెండూ ఒకటేగా" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "ఒకటే అయితే మన ఇల్లు ఏనాడో పోస్టుమ్యాను సొంతమయ్యేది. అడ్రసు రోజూ అతని చేతిలోనే ఉంటోందిగా."

ఆవిణ్ణి పట్టించుకుంటే పనులు జరగవు. వందమంది కూలీలకి తాపీ పట్టడం నేర్పినవాణ్ణి, ఒక్కడికీ పుస్తకం చూపించలేదు. చేతులతో చేస్తేనే చదువు. అందుకని గుమ్మం పక్కన ఒక్కొక్క వస్తువు పెట్టమని అందరికీ కబురు చేశాను. నర్సమ్మ గొడుగు పెట్టింది. కండక్టరు విజిల్ పెట్టాడు. టైలరు కత్తెర అడిగితే దారపు ఉండ పెట్టాడు. మా గుమ్మం దగ్గర చెంబు పెట్టించి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంతలో కరెంటు పోయింది. మసకచీకటి, అయినా పని ఆపలేదు.

"మొదలుపెట్టు. ఒకటి."

"సున్నానుంచి మావయ్యా. మొదటిది సున్నా."

"మా ఇల్లు సున్నానా?"

"ఇల్లు కాదండి. మొదటి గుమ్మం దగ్గరే ఉన్నాం కదా, జరగాల్సిందేమీ లేదు, అందుకని సున్నా."

"కట్టినవాణ్ణి నేను సున్నా, అద్దెకొచ్చిన నర్సమ్మ ఒకటీనా? ఒకటితో మొదలెట్టి పదితో ముగించు. నా డెబ్బై ఏళ్ళ లెక్క ఎప్పుడూ తప్పలేదు."

"అలాగేనండి."

ఒక గుమ్మం జరిగి గొడుగు తెచ్చాడు. మొదటికొచ్చి, రెండు జరిగి విజిల్ తెచ్చాడు. పాఠం గొణుక్కుంటూ అలా పదిదాకా జరిగొచ్చాడు. అరుగుమీద పేర్చి లెక్కపెడితే సరిగ్గా పది వస్తువులు. నా లెక్కంటే అది.

"మావయ్యా, ఆ పదోది..." అని నసిగాడు.

"ఏమిటి?"

"ఏం లేదండి."

కరెంటు వచ్చాక ఎవరి వస్తువు వాళ్ళు పట్టుకెళ్ళారు. చివరికి ఒక కాలి షూ మిగిలింది. నల్లది, ఖరీదైనది. అద్దెకున్నవాళ్ళెవరూ నాదనలేదు.

"మన చెంబు పెట్టినచోటే ఉంది చూశారా?" అంది మా ఆవిడ.

"చెంబు సంగతి తర్వాత. ఈ షూ పని నేను చూస్తాను. నువ్వు పాఠం చూసుకో అల్లుడూ."

"అలాగేనండి."

పొద్దున్నే దాన్ని శుభ్రంగా తుడిచి సంచిలో వేసుకున్నాను. కాలేజీ గేటు పక్కన చెప్పులు కుట్టేవాడుంటాడు. ఏ షూ ఎవరిదో వాడు చెబుతాడని నా ఆలోచన. వాడింకా దుకాణం తెరవలేదు. సంచీతోనే లోపలికెళ్ళి అల్లుడి క్లాసులో చివరి బెంచీలో కూర్చున్నాను. నా తెల్లబట్టలు చూసి ఎవరూ అడ్డుకోలేదు.

పరీక్షాధికారి వచ్చాడు. కోటు, టై, ఇస్త్రీ ప్యాంటు, కింద బాత్రూం స్లిప్పర్లు. ప్రిన్సిపాల్ కిందికి చూస్తే ఆయనే చెప్పాడు: "గుమ్మం బయట ఆరబెట్టాను. ఒకటి కుక్క ఎత్తుకుపోయినట్టుంది."

అల్లుడి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. కాసేపటికి బోర్డుమీద పది గళ్ళు గీశాడు. చెప్పేది ముందు బెంచీకైనా వినబడుతోందో లేదో.

పరీక్షాధికారి మధ్యలో ఆపి అడిగాడు. "పది గదుల వరసలో మొదటిదాని అడ్రసు మీ దగ్గరుంది. చివరిదానికి వెళ్ళాలంటే ఎన్ని గదులు జరగాలి?"

అల్లుడు నావైపు చూశాడు. మర్చిపోయాడనుకుని నేనే గట్టిగా అందించాను. "పది."

క్లాసంతా వెనక్కి తిరిగింది.

"ఆ పెద్దాయనెవరు?"

"మా మావయ్యగారండి."

"ఆయన పది అంటున్నారు. మీరేమంటారు?"

అతని పెదవులు 'అలా' అనడానికి విడివడ్డాయి. ఆ ఆకారం నాకు బాగా తెలుసు. తర్వాత మూసుకుపోయాయి. అల్లుడు ఆయన స్లిప్పర్లు చూశాడు, బోర్డు చూశాడు.

"కాదు మావయ్యా" అన్నాడు. "తొమ్మిది."

ఆ గొంతు నా బెంచీదాకా వినబడింది.

"పది జరిగితే ఏమవుతుంది?" అన్నాడాయన.

"పక్కవాళ్ళ గుమ్మంలో ఉంటాం సార్. సి భాష గోడ అడ్డం పెట్టదు. తప్పులు పట్టాల్సిన కంపైలరు చాలాసార్లు నోరు మెదపదు. అక్కడ ఏముంటే అది మనదే అనుకుని తెచ్చేసుకుంటాం. ఒక్కోసారి ప్రోగ్రాం అక్కడే కుప్పకూలుతుంది. కూలితే అదృష్టం. కూలకపోతేనే ప్రమాదం, చూస్తే లెక్క సరిపోయినట్టే ఉంటుంది. మర్నాడు ఎవరో స్లిప్పర్లతో వస్తేగాని తెలియదు." సుద్దముక్క కింద పెట్టాడు. "కుక్క కాదు సార్. నేనే తెచ్చాను. నిన్న సాయంత్రం, మొదటి గుమ్మంనుంచి పది జరిగి."

ఇంక ఆలస్యం చెయ్యకూడదని నేను లేచి, బెంచీల మధ్యనుంచి నడిచెళ్ళి సంచిలోంచి షూ తీసి ఆయన బల్లమీద పెట్టాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మెరుస్తోందే" అన్నాడు.

"నేనే తుడిచాను" అన్నాను. "రెండోది తెచ్చుంటే అదీ తుడిచేవాణ్ణి."

ఆయన నవ్వి పిల్లలవైపు తిరిగాడు. "ఎన్ని జరగాలి?"

"తొమ్మిది" అంది క్లాసంతా. నేను కలవలేదు.

ఆర్డరు ఇంటికే వచ్చింది. ఇప్పుడతను నిజం సారు. అర్రేల పాఠం వచ్చినప్పుడల్లా ఒక కాలి షూ పట్టుకెళ్తాడట. ఆ వేళ చివరి బెంచీలోంచి నేను పది అనకపోతే అతను తొమ్మిది అనేవాడే కాదు, కాబట్టి ఆ ఉద్యోగం నేనిప్పించినట్టే అని నలుగురిలోనూ చెబుతుంటాను.

"కాదు మావయ్యా" అంటాడు. ఈమధ్య ఆ మాట అతనికి బాగా అలవాటైంది. మా ఆవిడ అతనికి ఇంకాస్త వడ్డిస్తోంది.